గీకేసిన మాట

ఫీగెన్‌కి లాటిన్ రాదు. అందుకే ఆ కుర్చీ ఆమెకు దక్కింది.

అచ్చుకూటం వెనక గదిలో, వీధివైపు కిటికీ పక్కన రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో టిల్మన్ మాస్టారు తడి ఆరని ప్రూఫు ముందు పెట్టుకుని కూచుంటాడు. రెండోదాంట్లో ఫీగెన్ మూలప్రతి ఒళ్ళో పెట్టుకుని పైకి చదువుతుంది. మాట, చుక్క, గీత, పెద్దక్షరమా చిన్నక్షరమా, అన్నీ పలకాలి. ఆమె గొంతులో వినబడింది కాగితం మీద లేకపోతే మాస్టారు అక్కడ కొట్టేసి, అంచులో సరైనది రాస్తాడు. తండ్రి మొదట ఈ పనికి కొడుకు గెరియోన్‌ని కూచోబెట్టి చూశాడు. గెరియోన్ బడిలో లాటిన్ నేర్చుకున్నవాడు. వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం అతనికి తెలిసిపోయేది. మూలంలో ఒకటుంటే నోట్లోంచి ఇంకోటి, ఉండాల్సింది, వచ్చేసేది. తండ్రి విసిగిపోయి అతన్ని లేపి, వంటింట్లో బఠాణీలు వలుస్తున్న కూతుర్ని పిలిచాడు. అక్షరాలు నేర్పాడు, పలకడం నేర్పాడు, అర్థం జోలికి మాత్రం పోనివ్వలేదు. అప్పుడు ఫీగెన్ జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు కూటం గెరియోన్‌ది, కుర్చీ మాత్రం ఇంకా ఆమెదే.

ఆ సోమవారం వాళ్ళ ముందున్నవి ఉత్తరాలు. ఎప్పుడో పోయిన బిషప్ ఎకెబాల్డ్ రాజులకీ, మఠాలకీ, స్నేహితులకీ రాసినవి. తోలు కాగితాల మీద చేత్తో రాసిన ఆ పాత పుస్తకం తోళ్ళ వీధి చివర కన్యాస్త్రీల మఠంలో తప్ప ఇంకెక్కడా లేదు. మఠంలో ఉన్న బేలా సిస్టర్ ఫీగెన్‌కి మేనత్త. పుస్తకాన్ని నారబట్టలో చుట్టి, రొట్టెల బుట్టలో పెట్టుకుని ఫీగెనే మోసుకొచ్చింది. ఎలా తీసుకెళ్ళానో అలాగే తెచ్చి ఇస్తానని అత్తకి మాటిచ్చింది.

చదువు ఆగిన వేళకి ఫాదర్ లాంబెర్ట్ వచ్చాడు. పెద్దగుడి ఫాదర్. ఉత్తరాలన్నిటినీ పరిష్కరించి, వరస కుదిర్చి, ముందుమాట రాసినది ఆయనే. అట్ట మీద బిషప్పు పేరు కింద ఆయన పేరు ఉంటుంది. మంచి మనిషి. వచ్చినప్పుడల్లా ఫీగెన్ దగ్గు గురించి అడిగేవాడు. ఒకసారి తేనె కూడా పంపించాడు. కంపోజిటరు చేతికి వెళ్ళేముందు రాబోయే ఉత్తరాల్ని ఒకసారి చూసుకుంటానని, పుస్తకం తీసుకుని బల్ల దగ్గర కూచున్నాడు. ఫీగెన్ నడుం విరుచుకోవడానికి లేచి కిటికీ దగ్గర నుంచుంది. వీధిలో ఎవరో పీపా దొర్లిస్తున్నారు. ఇళ్ళ కప్పుల మీదుగా, ఎన్నటికీ పూర్తికాని గుడి బురుజు నెత్తిన బరువులెత్తే పాత యంత్రం మెడ వంచుకుని కనబడుతోంది.

వెనక నుంచి చిన్న చప్పుడు వినబడింది. రొట్టె మాడితే కత్తితో గీకినట్టు.

ఫీగెన్ తిరిగి చూసింది. ఫాదర్ ఈకలు చెక్కుకునే కత్తి పట్టుకుని, పుస్తకం మీదికి వంగి, ఒక మాటను గీకుతున్నాడు. ఎంతో శ్రద్ధగా, చుట్టుపక్కల అక్షరాలకి తగలకుండా గీకి, నోటితో ఊది, గోటితో చదును చేశాడు. ఆ జాగాలో ఈకతో కొత్తమాట రాశాడు. గీకిన తోలు మీద సిరా నిలవలేదు. అక్షరాల అంచులు గొంగళి వెంట్రుకల్లా చీలాయి.

టిల్మన్ మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. ఏం మారుస్తున్నారని అడిగాడు.

“రాతగాడు నిద్రమత్తులో రాసుంటాడు టిల్మన్. ‘నా ఆత్మలో సగానివి’ అని ఒక బిషప్పు ఆడమనిషికి రాస్తాడా? ఆ పక్కనున్న ఐ అక్షరం అంటే ఇసెంబార్డ్. మఠాధిపతి. ఆయన సావాసగాడే అయుంటాడు. లూథర్ మతంవాళ్ళు మనల్ని చూసి నవ్వడానికే పుస్తకాలు కొంటున్నారు. వాళ్ళ చేతికి మనమే కర్ర ఇవ్వడం ఎందుకు?”

ఉత్తరం లోపల అంతా నువ్వూ, నీకూ అనే ఉంది కదా, ఆడో మగో తెలిసే మాటే లేదే అన్నాడు మాస్టారు. ఫాదర్ సంతోషంగా తలాడించాడు. అదే తన అదృష్టమనీ, ఉత్తరం తలలో సంబోధన ఒక్కటి దిద్దితే సరిపోయిందనీ చెప్పి, పుస్తకం కంపోజిటరుకి ఇచ్చి వెళ్ళిపోయాడు.

బల్ల మీద గీకిన పొడి మిగిలింది. పసుపుపచ్చగా, రంపపు పొట్టులా. ఫీగెన్ అలవాటుగా చేత్తో దాన్ని బల్ల అంచుకి తోసింది. రెండో చెయ్యి కింద పట్టింది. పట్టాక, దాన్ని ఏంచేయాలో తెలియలేదు. బయట పారబోయడానికి మనసొప్పలేదు. ఆఖరికి కిటికీ గట్టు మీద దులిపింది.

“మాస్టారూ, అక్కడ ముందు ఏముంది?” అంది.

టిల్మన్ మాస్టారు ప్రూఫు మీంచి తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఆమె ఏ మాటకీ అర్థం అడగలేదు.

“నీకెందుకమ్మా అది. మీ నాన్న ఉంటే నన్ను తన్నుండేవాడు.”

“మా నాన్న లేడుగా.”

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. “దిలెక్తె సొరోరి. ప్రియమైన చెల్లెలికి. ఇప్పుడు దిలెక్తో ఫ్రాత్రి అయింది. ప్రియమైన తమ్ముడికి. కానీ, మిగతాది చదువు.”

ఫీగెన్ కూచుంది, చదవబోయింది. ఆ పూట మూడుచోట్ల తడబడింది. అంతకుముందు మాటలన్నీ ఆమెకి గుండ్రాళ్ళ లాంటివి. ఒకదాని మీంచి ఒకదానికి కాలు వేసుకుంటూ ఏరు దాటేది. ఇప్పుడు ఒక రాయి కదిలింది. మళ్ళీ ఎక్కడ సొరోరి వస్తుందోనని కళ్ళు ముందుకు పరుగెడుతున్నాయి, నోరు వెనకబడుతోంది. మాస్టారు రెండుసార్లు దగ్గి, ఇవాళ్టికి చాలన్నాడు.

ఇంట్లో కూడా ఆమె కుదురుగా లేదు. వదిన స్టీనా ఉప్పుచేపలు కడుగుతుంటే సాయానికి కూచుని, ఒకే చేపని మళ్ళీమళ్ళీ కడిగింది. స్టీనా చూసి చూసి, దానికి బాప్తిస్మం ఇస్తున్నావా అంది. లాటిన్ దొరసాని వంటింట్లోకి వస్తే చేపలకి కూడా పుణ్యమే అంది. పనివాళ్ళు అన్నానికొచ్చే వేళయింది. గంజి మరుగుతోంది. ఫీగెన్ లేచి మూత తీసి చూసి, ఏం చూశానో తెలియక మళ్ళీ మూత పెట్టింది. పెరట్లోకి వెళ్ళింది. అచ్చుకి సిరా అద్దే తోలు ఉండలు మెత్తబడడానికి మూత్రపు తొట్టిలో నానుతున్నాయి. అదీ చూసి వచ్చింది. దిలెక్తె సొరోరి. గుడ్డ పిండుతున్నా, మెట్లెక్కుతున్నా ఆ మాట నాలుక కింద నేరేడు గింజలా దొర్లుతూనే ఉంది.

బుధవారం సిరా తీసుకురావడానికి మఠానికి వెళ్ళింది. రాతసిరా చేయడంలో ఆ సిస్టర్లకి పేరు. ఊళ్ళో గుమస్తాలందరూ వాళ్ళ దగ్గరే కొంటారు. ఊచల కిటికీ అవతల బేలా అత్త కూచుని ఉంది. చూపు మందగించింది. వేళ్ళు మాత్రం గోళ్ళ మొదళ్ళ దాకా నల్లగా, ఎప్పుడూ పనిలో ఉన్నట్టే ఉంటాయి. సిరా కుండని గోడలో తిరిగే చెక్కపెట్టెలో పెట్టి ఇటు తిప్పింది.

“మీ వదిన ఇంకా గంజిలో ఉప్పు అంతే వేస్తోందా?”

“ఇంకాస్త పెంచింది అత్తా.”

“దాని చెయ్యి దేవుడే పట్టుకోవాలి.” అత్త ఊచల దగ్గరికి జరిగింది. “మా అమ్మ ఉత్తరం వచ్చిందా?”

మా అమ్మ అంటే మదర్ ఇర్మెన్‌ట్రుడ్, ఆ మఠానికి మొట్టమొదటి అధిపతురాలు. బిషప్ ఎకెబాల్డ్ చెల్లీ అని పిలిచి ఆ ఉత్తరం రాసింది ఆవిడకే. అందులో ఆవిడ పేరు మొదటి అక్షరం ఐ, దాని పక్కన చుక్క మాత్రమే ఉంటుంది. ఆ రోజుల్లో పేర్లు అలాగే రాసేవారు. ఏటా ఆవిడ పోయినరోజున భోజనాల గదిలో ఆ ఉత్తరం చదువుతారు. తల చదివి పేరు చెప్పగానే అందరూ లేచి నుంచుంటారు. నుంచోలేని వాళ్ళు చేత్తో బల్ల పట్టుకునైనా లేస్తారు. ఫీగెన్ చిన్నప్పుడు అత్తని చూడ్డానికి వచ్చి, గోడ ఇవతల నుంచి ఆ పీటల చప్పుడు వినేది.

ఇంకా రాలేదు అంది ఫీగెన్.

అత్త ఆ జవాబుని ఎక్కువసేపు పట్టించుకోలేదు. పుస్తకం అచ్చయి వస్తే ఎవరు ముందు చూడాలని సిస్టర్లు పోట్లాడుకుంటున్నారని చెప్పింది. తనకా పోటీ లేదంది. ఏ కొత్త పుస్తకం వచ్చినా, పీఠం మీద పెట్టేముందు చివరిపుటలో తప్పొప్పుల పట్టిక చూసి లోపల సిరాతో దిద్దే పని తనదే కాబట్టి, ఎలాగూ ముందు తన దగ్గరికే వస్తుంది.

“మేం మిగిలింది చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమే. కొత్తవాళ్ళు రావడం లేదు. మేం పోయాక ఆవిడని తలుచుకునేదెవరు? అచ్చులో ఉంటే ఎక్కడో ఎవరో చదువుతారు. ఆయన ఓ చెల్లికి రాశాడట, ఆ చెల్లెవరో అనుకుంటారు. అంతే చాలు. పుస్తకం పట్టుకునేముందు చేతులు కడుక్కుంటున్నారా మీవాళ్ళు?”

కడుక్కుంటున్నారంది ఫీగెన్. సిరా కుండ పట్టుకుని దోవ పొడుగునా గబగబా నడిచింది. మూత వదులై సిరా తొణికి గౌను మీద పడింది. ఇంటికెళ్ళి ఉప్పుతో రుద్దింది. మరక పోలేదు, పెద్దదైంది.

గురువారం ఆ ఉత్తరం ప్రూఫు వచ్చింది. కంపోజిటరు తన ముందున్నది చూసి పేర్చాడు. ప్రూఫులో దిలెక్తో ఫ్రాత్రి అని స్పష్టంగా, నిక్కచ్చిగా ఉంది. టిల్మన్ మాస్టారు ఈక ముంచి, చిట్టిపీట మీద కాళ్ళు పెట్టుకుని, కానీ అన్నాడు. ఫీగెన్ పుస్తకం తెరిచింది. గీకిన జాగా బొటనవేలికి తగిలింది. చుట్టూ తోలు నున్నగా, చల్లగా ఉంది. అక్కడ మాత్రం పిల్లి నాలుకలా గరుకు. ఆ గరుకు మీద వెంట్రుకలు చీలిన అక్షరాలు: ఫ్రాత్రి.

ఏదో చేయాలని ఆమె అనుకోలేదు. ఉన్నది చదవడం తప్ప ఆ కుర్చీలో ఆమె ఇంకేమీ చేసి ఎరగదు. నోరు తెరిచింది.

“దిలెక్తె సొరోరి, పెద్ద ఐ, చుక్క.”

ఈక ఆగింది. మామూలుగా మాస్టారుకి సందేహం వస్తే చెయ్యి చాపి, ఏదీ ఇలా పట్టుకురా అంటాడు. ఇప్పుడు చెయ్యి చాపలేదు. కళ్ళద్దాల తాడు చెవి వెనక సర్దుకున్నాడు.

“మళ్ళీ చదువు.”

“దిలెక్తె సొరోరి,” అంది ఫీగెన్. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “పెద్ద ఐ. చుక్క.”

పక్కగదిలో యంత్రం మీట లాగుతున్న చప్పుడు, తడికాగితం అచ్చు మీంచి ఊడుతున్న చప్పుడు వినబడుతూనే ఉన్నాయి. మాస్టారు ఈకని మళ్ళీ సిరాలో ముంచాడు. తర్వాత ప్రూఫులో రెండు మాటలు కొట్టేసి, అంచులో రెండు మాటలు రాశాడు.

“తర్వాత,” అన్నాడు.

ఆ ప్రూఫు ఫాదర్ చూడలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ సంత దగ్గరపడింది. పుస్తకాలు పీపాల్లో పెట్టి పడవెక్కించాలి. నది నీరు తగ్గి కాగితం తెచ్చే పెద్ద పడవలు ఎగువ నుంచి రావడం మానేశాయి. ఉన్న కాగితమంతా అచ్చుకెళ్ళిపోయింది. ఆ ఉత్తరం ఉన్న ఫారం, అంటే ఒకే పెద్ద కాగితం మీద పడే కొన్ని పుటలు, కూడా అచ్చై, కాగితాలు అటక మీద దండేలకి ఎక్కాయి. అవి ఆరుతున్నన్ని రోజులూ ఫీగెన్ పని కల్పించుకుని అటకెక్కింది, పని లేకుండానే దిగింది. స్టీనా బట్టలారేయడానికి రమ్మంటే వెళ్ళి, తడి దుప్పటి పట్టుకుని మర్చిపోయి నుంచుంది. చర్చిలో మోకాళ్ళ మీద ఉండి కూడా, పక్కావిడ ముక్కు చీదితే ఉలిక్కిపడింది. దొరికిపోతానని కాదు ఆమె బెంగ. దొరకనందుకు కూడా స్థిమితం లేదు. ఉన్నది చదవలేదు తను. మొదటిసారి, లేనిది చదివింది.

మళ్ళీ సోమవారం ఫాదర్ లాంబెర్ట్ అచ్చుకాగితం చేత్తో పట్టుకుని వచ్చాడు. అరవలేదు. కాగితం బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపించి, ఇదేమిటని గెరియోన్‌ని అడిగాడు. గెరియోన్ మెడ మీద ఎరుపు పాకింది. టిల్మన్ మాస్టారు లేచి, అంచులో దిద్దింది తనేనన్నాడు.

“నీ తప్పేముంది టిల్మన్? చెవిని బట్టి దిద్దావు.” ఫాదర్ ఫీగెన్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. “పాపం ఈవిడ తప్పూ కాదు. లాటిన్ రానివాళ్ళకి సొరోరి అయినా ఫ్రాత్రి అయినా ఒకటే. ఏదో పాత అక్షరం కనబడుంటుంది, చదివేసింది. అసలు తెలియనివాళ్ళని ఈ కుర్చీలో కూచోబెట్టడం మీ నాన్నగారి చాదస్తం గెరియోన్. చదువుకున్నవాణ్ణి పెట్టు. రుట్‌గర్ అని మా దగ్గర గుమస్తా ఉన్నాడు, పంపిస్తాను.”

ఫీగెన్ చేతులు గౌను మీద సిరా మరకని కప్పుకున్నాయి. నాకు తెలుసు ఫాదర్, అని ఒక్క మాట అంటే జాలి పోయి కోపం వచ్చేది. కోపమే నయం అనిపించింది. కానీ అంటే మాస్టారూ దొరికిపోతాడు. ఆయన మొహం చూసి ఊరుకుంది.

ఫారం మళ్ళీ అచ్చెయ్యాలని ఫాదర్ అన్నాడు. కాగితం ఎక్కడిదని గెరియోన్ అడ్డుపడ్డాడు. పడవ శుక్రవారం బయలుదేరుతోంది. సంత తప్పితే వసంతం దాకా పుస్తకాలు ఎలకలకే. ఫాదర్ అటూ ఇటూ నడిచాడు. చివరికి తప్పొప్పుల పట్టికలో వేయమన్నాడు.

“మిగతావాటి మధ్య ఎక్కడో కాదు. అన్నిటికన్నా పైన. కాస్త పెద్ద అక్షరాల్లో. అట్ట మీద నా పేరుంది. అది నా మాట కాదని చదివేవాడికి ముందే తెలియాలి.”

టిల్మన్ మాస్టారు ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. అంతలోనే కళ్ళద్దాలు తీసి, చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతో మురికి ఉన్నట్టు చాలాసేపు తుడిచాడు. గెరియోన్ ఆయన వంక ఒకసారి చూసి, అలాగే ఫాదర్, పైనే వేస్తాం అన్నాడు.

ఫాదర్ వెళ్ళాక గెరియోన్ చెల్లెలి ఎదురుగా, మాస్టారి కుర్చీలో కూచున్నాడు. ఆ కుర్చీలో అతను కూచోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“నిజం చెప్పు. చూసి చదివావా, ఊహించి చదివావా?”

“ఉన్నది చదివాను అన్నయ్యా.”

“అక్కడ ఉన్నది ఫ్రాత్రి.”

“ముందు ఉన్నది సొరోరి.”

“ముందు ఉన్నది నిన్నెవరడిగారు?” గొంతు పెరిగి, పక్కగదిలో మీట ఆగితే, మళ్ళీ తగ్గించాడు. “రుట్‌గర్ వచ్చే సోమవారం నుంచి వస్తాడు. నువ్వు స్టీనాకి తోడుగా ఉండు. తిండికి లోటుందా, గుడ్డకి లోటుందా?”

లోటు లేదంది ఫీగెన్. అతను లేచి, పోతూపోతూ కుర్చీని సరిగ్గా ముందున్న చోటికి జరిపాడు.

తప్పొప్పుల పట్టిక ప్రూఫు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అదే ఆమెకి ఆఖరిది. ఎండ కిటికీలోంచి వచ్చి టిల్మన్ మాస్టారి మోకాళ్ళ మీద పడుతోంది. ఫీగెన్ ఫాదర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని చదివింది.

“ప్రో, దిలెక్తె సొరోరి, లెగె, దిలెక్తో ఫ్రాత్రి, చుక్క.”

మాస్టారు ప్రూఫు మీద ఏమీ దిద్దకుండానే భుజాలు కదిలిస్తున్నాడు. కాసేపటికి అది నవ్వని ఆమెకి తెలిసింది.

“ఏంటి మాస్టారూ?”

“నాలుగొందల పుటల పుస్తకంలో ఆ ఉత్తరం ఎవడు చదువుతాడమ్మా? ఏ నలుగురో. అందులో తల చదివేది ఒకడు. అదే చివరిపుట అనుకో, పుస్తకం కొనేవాడు ముందు తిప్పేది దాన్నే. అచ్చువేసినవాడు ఎంత గాడిదో చూడాలని. ఇప్పుడు కొన్న ప్రతివాడికీ అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, చెల్లి కనబడుతుంది. చెల్లి ఎందుకు తమ్ముడయిందా అని ఆ పుట వెతుక్కుని మరీ చదువుతాడు.” మాస్టారు కళ్ళు ఒత్తుకున్నాడు. “నేను కావాలని పూనుకున్నా ఆవిడని ఇంత బాగా కనబడేలా రాసుండేవాణ్ణి కాదు.”

ఫీగెన్ కాగితం వైపు చూసింది. ఇందాక తన నోటితోనే చదివిందది. ఇప్పుడు అందులో నాలుగు మాటలు తెలుసు, రెండు మాటలు తెలియవు.

“ప్రో అంటే? లెగె అంటే?”

“ప్రో అంటే, బదులు. లెగె అంటే, చదువు,” అన్నాడు మాస్టారు.

శనివారం పొద్దున ఆమె పాత పుస్తకాన్ని నారబట్టలో, అచ్చయిన పుస్తకం కుట్టని కాగితాలని ఇంకో బట్టలో చుట్టి బుట్టలో పెట్టుకుంది. పీపాలు ముందురోజే పడవెక్కి వెళ్ళిపోయాయి. వాటిలో ఎన్ని చివరిపుటలున్నాయో అనుకుంటూ నడిచింది. కాళ్ళు ఇంకా తొందరపడుతూనే ఉన్నాయి. అత్తకి ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని, ఏదీ నచ్చలేదు.

చెక్కపెట్టెలో మొదట పాత పుస్తకం పెట్టి తిప్పింది. ఊచల అవతల అత్త బట్ట విప్పింది. చూపుతో పని లేకుండా వేళ్ళతోనే ఆకులు తిప్పి, ఉత్తరం దగ్గర ఆగింది. బొటనవేలు తల మీదికి వెళ్ళింది. ఆ గరుకు దగ్గర నిలిచిపోయింది. వెనక్కి జరిగి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

ఫీగెన్ అనుకున్నవేవీ చెప్పలేదు. ఫాదర్ గీకాడని చెప్పింది. తను కిటికీ దగ్గర నుంచుని చూస్తూ ఊరుకున్నానని చెప్పింది. సిరాకి వచ్చిననాడు అడిగితే, ఇంకా రాలేదని చెప్పి ఇది దాచానంది. అత్త వేలు ఆ జాగా మీద, దెబ్బతగిలిన పిల్లని నిమిరినట్టు కదులుతోంది.

“అచ్చులో కూడా పోయిందన్నమాట,” అంది చివరికి.

ఫీగెన్ కొత్త కాగితాలు పెట్టెలో పెట్టి తిప్పింది. అత్త అలవాటు ప్రకారం చివరిపుట తీసి ఊచల దగ్గర వెలుతుర్లో పెట్టుకుంది. పెదాలు కదిలాయి. పెద్ద అక్షరాలు కాబట్టి ఆవిడ కంటికి కూడా ఆనాయి. ఒకసారి చదివింది. ఆ పుట వెతికి పట్టుకుని అక్కడ చదివింది. మళ్ళీ చివరికొచ్చి చదివింది. ముక్కు ఎగబీల్చి, మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, లోపలికి ఎవరినో పిలిచింది. చెప్పుల చప్పుళ్ళు ఒకటొకటిగా వచ్చి, ఊచల వెనక చీకట్లో ఆగాయి. పీటలు సర్దుకున్న చప్పుడైంది. ఎవరో సన్నగా దగ్గారు.

“మరి దిద్దుతావా అత్తా? నీ పనేగా,” అంది ఫీగెన్.

బేలా అత్త తన చేతుల్ని చూసుకుంది. పొద్దున్నే సిరా కాచినట్టుంది. వేళ్ళు మణికట్టు దాకా నిగనిగలాడుతున్నాయి.

“దిద్దాలంటే సిరా ఉండాలిగా,” అంది. “ఈ ఏడు సరిగా కుదరలేదు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్త అటు చూడకుండా, ఉత్తరం ఉన్న కాగితాన్ని పెట్టెలో పెట్టి ఇటు తిప్పింది.

“నీ కుర్చీ పోయిందట కదా. మీ మాస్టారు సిరాకొచ్చి చెప్పాడు. కూచో. అక్కడ పీట ఉంటుంది. చదువు.”

ఫీగెన్ పీట లాక్కుని కూచుంది. కాగితం మోకాళ్ళ మీద పరుచుకుంది. అచ్చు తడి ఎప్పుడో ఆరిపోయింది. అక్షరాలు కాగితంలోకి దిగి, వేలితో తడిమితే చిన్న గుంటల్లా తెలుస్తున్నాయి. గొంతు సవరించుకుంది.

“దిలెక్తె సొరోరి, పెద్ద ఐ, చుక్క.”

“చుక్క చదవక్కర్లేదే పిచ్చిదానా,” అంది అత్త. “అక్షరం దగ్గర ఆగిపోకు. పేరు చెప్పు.”

ఫీగెన్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి నెమ్మదిగా, ఏ మాట ఎవరిదో తెలిసినట్టు.

“దిలెక్తె సొరోరి,” అంది, “ఇర్మెన్‌ట్రుడ్.”

ఊచల అవతల పీటలు ఒక్కటొక్కటే వెనక్కి జరిగాయి.